పుట్టిన ఊరు దాసుకున్న పైల్వాన్

1954 ఫిబ్రవరి 19, శుక్రవారం పొద్దుమీకి. టోక్యో పట్నంల షింబాషి రైల్వే స్టేషన్ ముంగట ఒక ఖాళీ జాగ. సలి పెడుతున్నది. ఆ జాగల ఇరవై వేల మంది నిలవడ్డరని లెక్క జెప్తరు. అందరి సూపు ఒక్క దిక్కే. ఎత్తుమీద పెట్టిన ఒక చిన్న డబ్బా. ఆ డబ్బాల నలుగురు మనుషులు కొట్టుకుంటున్నరు. ఇద్దరు తెల్లోళ్లు, తాడిచెట్ల లెక్క పొడుగున్నరు. ఇద్దరు జపానోళ్లు. అండ్ల ఒకడు నల్లటి పొడుగు లాగు తొడిగిండు. అరచెయ్యి అంచుతోని గొడ్డలేసినట్టు తెల్లోని ఛాతి మీద కొడుతున్నడు. కొట్టినప్పుడల్ల ఇరవై వేల గొంతులు ఒక్కపారి లేస్తున్నయి.

ఆ కేకలు ఎందుకో అర్థం కావాల్నంటె కొంచెం ఎనుకకు పోవాలె. అప్పటికి తొమ్మిదేండ్లు గూడ నిండలే, అమెరికా ఆ దేశం మీద రెండు అణుబాంబులేసి. టోక్యో సగం కాలి బూడిదయింది. తర్వాత అమెరికా సిపాయిలే దేశాన్ని ఏలిండ్రు, 1952 ఏప్రిల్ దాక. తినడానికి బువ్వ లేక, తెల్లోని జీపు ముంగట తల వంచుకొని నడిసిన జనం వాళ్లు. గసొంటి జనం ముంగట ఒక నల్లలాగు మనిషి ఇద్దరు ఎత్తయిన తెల్లోళ్లను ఒకని మీద ఒకని పడేస్తుంటె ఎట్లుంటది? ఊర్ల దొర చెంప మీద పాలేరు కొట్టిన సీన్ సినిమాల వస్తె టాకీసుల ఎట్ల ఈలలేస్తరో, గట్ల.

ఆ మనిషి పేరు రికిదోజాన్. ఇగ అసలు ముచ్చట ఇనుండ్రి. జనం అమెరికోళ్లనుకున్న ఆ తెల్లోళ్లు, బెన్ షార్ప్, మైక్ షార్ప్ అన్నదమ్ములు, కెనడా దేశపోళ్లు. జనం జపాన్ ఇజ్జత్ కాపాడిన బిడ్డ అనుకున్న రికిదోజాన్ జపానోడు కాదు. జపాన్ తొక్కి పెట్టిన కొరియా దేశంల, ఒక రైతు ఇంట్ల పుట్టినోడు. ఆ రోజు రింగుల అసలు సిసలు జపానోడు ఒక్కడే, పక్కన జోడీగ దిగిన కిమురా మసహికో. ఆయన సంగతి తర్వాత జెప్త, అది బాధ ముచ్చట.

తమ్ముండ్లు, చెల్లెండ్లు, మీరంత ఫోన్లల్ల డబ్ల్యూడబ్ల్యూఈ రీల్స్ సూసెటోళ్లే. అండర్‌టేకర్ లేసి కూసుంటె మీకింక పానం జల్లుమంటది. మా కాలంల కేబుల్ వచ్చిన ఒక్క ఇంట్ల అరుగు దాక కూసొని సూసినం, బడి సంచుల పుస్తకాల కన్న ట్రంప్ కార్డులు ఎక్కువుండె. గా కుస్తీ ఆసియాల ఇండ్లల్లకు ఎట్ల వచ్చిందో ఎతుక్కుంట పోతె నాకు ఈ రికిదోజాన్ తగిలిండు. పెద్ద సదువులు సదివినోన్ని గాను. దొరికింది సదువుకుంట, తెలిసినోళ్లను అడుక్కుంట పోయిన. గని ఒక్కపారి దొరికినంక ఈ మనిషి నన్ను ఇడిసిపెట్టలే.

ఆయన అసలు పేరు కిమ్ సిన్‌రాక్. 1924ల కొరియా ఉత్తరాన, ఇప్పటి ఉత్తర కొరియాల ఉన్న హమ్‌గ్యాంగ్ అనే దిక్కు పుట్టిండు. అప్పటికే కొరియాను జపాన్ మింగి పద్నాలుగేండ్లు. 1910 నుంచి 1945 దాక, 35 ఏండ్లు, కొరియా జపాన్ కింద ఉండె. భూములు పోయినయి. బళ్లల్ల వాళ్ల భాష బందయింది. 1940 కాడికొచ్చేసరికి పేర్లు గూడ మార్చుకోవాల్నని చట్టం తెచ్చిండ్రు. కిమ్ అన్నోడు, పాక్ అన్నోడు జపాన్ ఇంటిపేరు పెట్టుకోవాలె. తాతల పేరు ఇడిసిపెడితెనే బడిల సీటు, ఆఫీసుల పని.

కొరియాల సిరుమ్ అని ఒక కుస్తీ ఉన్నది. నడుముకు, తొడకు గుడ్డ కట్టుకొని, ఇసుకల ఒకన్నొకడు పట్టుకొని పడగొట్టుడు. పండుగలప్పుడు ఊర్లల్ల పోటీలు పెడ్తరు, మన జాతరలల్ల కుస్తీలు పెట్టినట్టే. సిన్‌రాక్ అండ్లనే మొదలు పెట్టిండు. ఆయన ఒడ్డుపొడుగు సూసి జపాన్ దిక్కెల్లి వచ్చిన మనుషులు సుమోకు పనికొస్తడని తీస్కపోయిండ్రు. 1940ల సుమో గోదాల దిగిండు. రికిదోజాన్ అని పేరు పెట్టిండ్రు. రికి అంటె బలం, దో అంటె దారి, జాన్ అంటె గుట్ట. పిలగానికి పదహారేండ్లు గూడ నిండలే అప్పటికి.

సుమో అంటె లావు మనుషులు తోసుకునే ఆట అనుకునేరు. అదొక పెద్ద మఠం లెక్క. కొత్తగ చేరిన పోరగాడు పొద్దుగాల్నే లేవాలె, ఊడ్వాలె, వండాలె, పెద్ద పైల్వాన్లకు వీపు రుద్దాలె, వాళ్లు తిన్నంకనే తినాలె. పై రెండు తరగతులల్లకు ఎక్కిందాక జీతం లేదు. గసొంటి కాడ ఒక కొరియా పిలగాడు ఒంటరిగ నెగ్గుకొచ్చి, 1949ల సెకివాకె అనే స్థాయికి ఎక్కిండు. దాని మీద ఇంక రెండే మెట్లు, ఓజెకి, యోకొజునా. మనోడు పైకి పోతడనే అందరు అనుకున్నరు.

పోలే. 1950ల ఒక దినం తన నెత్తి మీది సిగ తనే కోసుకున్నడు. సుమో పైల్వాన్‌కు సిగ అంటె మామూలు కాదు. ఆట ఇడిసేటప్పుడు పెద్ద సభ పెట్టి, కావల్సినోళ్లంత ఒక్కొక్కరు కొంచెం కొంచెం కత్తిరిస్తరు. ఈయన ఒక్కడే, ఎవ్వన్ని పిలువకుంట, కత్తి పట్టి కోసి పారేసిండు. గురువుతోని పైసల లొల్లి అన్నరు, పెయ్యి బాగలేక అన్నరు. కొరియా పుట్టుక వల్ల మీది మెట్టుకు రానియ్యరని అర్థమయిందని గూడ శానమంది రాసిండ్రు. నాకైతె మూడు కలిసే ఉంటయనిపిస్తది. మనిషి ఒక్క బాధకే సిగ కోసుకోడు.

ఆ టైంలనే ఆయన కాగితాలు గూడ మారినయి. మోమోటా అనే జపాన్ కుటుంబం కొడుకుగ, నాగసాకి జిల్లా ఓమురాల పుట్టినట్టు రికార్డు తయారయింది. మోమోటా మిత్సుహిరో అయిండు. కిమ్ సిన్‌రాక్ కాగితాలల్ల లేడు.

ఇక్కడ నేనొక ముచ్చట జెప్పాలె, లేకుంటె నాకు నిద్ర పట్టది. మా ఊరి పిలగాడొకడు కోచింగ్ కోసమని పట్నం పోయిండు. ఎక్కడ రూం అడిగినా మొదలు పేరు అడుగుడు, ఎంటనే ఇంటిపేరు అడుగుడు, ఆ తర్వాత ఊర్ల ఏ దిక్కు ఇల్లు అని అడుగుడు. నాలుగిండ్లు తిరిగి అయిదో ఇంట్ల ఇంకో ఇంటిపేరు జెప్పిండు. రూం దొరికింది. దొరికినంక ఎనిమిది నెలలు వాళ్ల అమ్మను రూంకు రానియ్యలే. ఎందుకంటె ఆమె మాట్లాడితె, ఆమె కట్టు సూస్తె తెలిసిపోతది. అమ్మ ఫోన్ చేస్తె మేడ మీదికి పోయి మాట్లాడేటోడు. ఈ పిలగానికి, ఆ రికిదోజాన్‌కు సముద్రాలు అడ్డమున్నయి గని, నేను రికిదోజాన్ గురించి సదివినప్పుడల్ల ఈ పిలగాడే యాదికొస్తడు.

జపాన్ల కొరియా మనిషికి భయం ఊకెనే లేదు. 1923ల టోక్యోల పెద్ద భూకంపం వచ్చింది. ఊరంత కాలుతుంటె, కొరియన్లు బావులల్ల విషం కలుపుతున్నరని పుకారు లేసింది. పోలీసోళ్లు గూడ ఆ పుకారును మోసిండ్రు. గల్లీ గల్లీకి మంది కర్రలు, కత్తులు పట్టుకొని నిలవడి, మాట యాస పట్టి సూసి, నోరు తిరగనోన్ని సంపిండ్రు. వేల మంది సచ్చిండ్రు. రికిదోజాన్ పుట్టడానికి ఏడాది ముంగటి కథ ఇది. ఆ తర్వాత 1952ల, జపాన్ మల్ల స్వతంత్రమయిన ఏడాది, ఆ దేశంల ఉంటున్న కొరియన్ల పౌరసత్వం ఒక్క దెబ్బకు పీకేసిండ్రు. దశాబ్దాలు పని చేసినోళ్లు, అక్కడ్నే పుట్టిన పిల్లలు, అందరు పరాయోళ్లయిండ్రు. ఇంతల రికిదోజాన్ ఏం జేస్తున్నడంటె, హవాయిల కుస్తీ నేర్చుకుంటున్నడు.

అదెట్లంటె, సిగ కోసుకున్నంక ఆయన ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీల పనికి కుదిరిండు. 1951ల అమెరికా కుస్తీ మనుషులు కొందరు టోక్యో వచ్చిండ్రు, సిపాయిల కోసం, దానాల కోసం ఆటలు పెట్టిండ్రు. అండ్ల హవాయిల పుట్టిన జపాన్ రక్తపోడు హారోల్డ్ సకాటా ఒకడు. 1948 ఒలింపిక్స్ల బరువులెత్తి వెండి పతకం తెచ్చినోడు. తర్వాత జేమ్స్ బాండ్ సినిమా గోల్డ్‌ఫింగర్ల టోపీ ఇసిరి మనుషుల్ని సంపే ఆడ్‌జాబ్ ఆయనే. వాళ్లను సూసి రికిదోజాన్ కొత్త కుస్తీల దిగిండు. 1952ల హవాయి పోయిండు, ఆడికెల్లి అమెరికా పోయిండు. ఏడాది పైన అక్కడ ఊరూరు తిరిగి కొట్లాడిండు. ఎవ్వడు కొడితె జనం లేస్తరు, ఎప్పుడు పడితె జనం గుండె ఆగుతది, ఎవన్ని ఎంతసేపు ఊరియ్యాలె, గదంత సదువుకున్నడు. 1953ల వాపస్ వచ్చి జపాన్ ప్రో రెజ్లింగ్ సంఘం పెట్టిండు.

ఇగ్గో ఇక్కడ టీవీ వస్తది. అదే 1953 ఫిబ్రవరిల జపాన్ పబ్లిక్ టీవీ ఎన్‌హెచ్‌కే మొదలయింది. మొదటి రోజు దేశం మొత్తంల దానికి కట్టిన చందాదార్లు 866 మంది. ఎందుకంత తక్కువంటె, షార్ప్ కంపెనీ (ఆ అన్నదమ్ములకు దీనికి సంబంధం లేదు) తెచ్చిన మొదటి టీవీ ధర 1,75,000 యెన్లు. కూలోడు, గుమస్తా ఏండ్లకేండ్లు తినకుంట కూడబెడితె వచ్చే పైసలు. ఆగస్టుల ప్రైవేటు టీవీ నిప్పాన్ టెలివిజన్ వచ్చింది. దాని మాలిక్ షోరికి మత్సుతారో, పేపరు యజమాని, మహా తెలివైనోడు. ఇంటింటికి టీవీ ఎప్పుడు రావాలె, ప్రకటనలు ఎప్పుడు రావాలె అని ఆగలే. స్టేషన్ల ముంగట, పార్కులల్ల, అడ్డాలల్ల టీవీలు పెట్టిచ్చిండు. జనం ఎంతమంది సూస్తె అంత లెక్క కంపెనీలకు జూపెట్టిండు. షింబాషి ముంగటి డబ్బా గదే.

ఈ షోరికి గురించి ఒక్క మాట. 1923 భూకంపం అప్పుడు టోక్యో పోలీసు శాఖల పెద్ద ఆఫీసరు ఈయన్నే. పుకారును మోసిన ఆ పోలీసుల పెద్ద, ముప్పయి ఏండ్ల తర్వాత కొరియా పిలగాన్ని వీరున్ని చేసి దేశం మొత్తానికి సూపెట్టిండు. చరిత్ర గిట్ల మెలికలు తిరుగుతది, రాసినోడెవ్వడు నమ్మడు.

మన దిక్కు గూడ ఒక డబ్బా ముంగట ఊరంత కూసున్న దినాలున్నయి. 1987, 88ల ఆదివారం పొద్దుగాల రామాయణం వచ్చేటప్పుడు మా పంచాయతీ ఆఫీసు ముంగట చెప్పులు ఇడిసి కూసునేటోళ్లు. నాకు ఏడెనిమిదేండ్లు. హనుమంతుని వేషంల వచ్చిన దారాసింగ్‌ను సూసి ముసలవ్వలు దండం పెట్టేటోళ్లు. ఆ దారాసింగ్‌కు, రికిదోజాన్‌కు చుట్టరికం ఉన్నది. 1955ల రికిదోజాన్ టోక్యోల ఆసియా చాంపియన్ పోటీలు పెట్టిచ్చిండు. మన దేశంల దారాసింగ్‌తోని కుస్తీలు పట్టి పేరు పొందిన కింగ్‌కాంగ్, అదే హంగరీల పుట్టిన ఆ భారీ మనిషి, పోయిండు. పంజాబోడు టైగర్ జోగిందర్ పోయిండు. దారాసింగ్ గూడ ఆ టూర్‌కు పోయిండు. నవంబర్ల కింగ్‌కాంగ్‌ను ఓడగొట్టి రికిదోజాన్ ఆసియా పట్టా గెలిచిండు.

ఇప్పుడు కొందరు కామెంటు పెడ్తరు, అన్నా ఇదంత ఫేక్ గదా అని. అవును, ఎవ్వడు గెలుస్తడో ముందుగాల మాట్లాడుకుంటరు. ప్రో రెజ్లింగ్ అంటెనే గది. మరి మన చిందు భాగోతంల కీచకుడు సస్తడని జనానికి తెల్వదా? ఆ ఏషగాడు పొద్దుగాల చెరువు కాడ పండ్లు తోముకుంట కనవడ్తడని ఎరికే. అయినా భీముడు లేసినప్పుడు అందరు కేకలేస్తరు. తేడా ఒక్కటే, రింగుల ఛాతి మీద పడ్డ దెబ్బ నిజంగనే పడ్తది. ఎముకలు ఇరుగుతయి, చెవులు పగులుతయి, రక్తం ఎర్రగనే వస్తది. ఆ ఫిబ్రవరి 19 ఆట గూడ ఒకటి ఒకటితోని సమానంగ ఆగింది. గెలువలే. గెలువకున్నా జనం గెలిసినట్టే ఇంటికి పోయిండ్రు.

ఇగ కిమురా ముచ్చట. నేను రికిదోజాన్‌ను ఇష్టపడ్తగని ఇది మటుకు దాసిపెట్ట. కిమురా మసహికో జూడోల కొండ. 1951ల బ్రెజిల్ పోయి హీలియో గ్రేసీ చెయ్యి మెలేసి ఓడగొట్టినోడు, ఆ పట్టును ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తరు. షార్ప్ అన్నదమ్ముల మీద జోడీగ దిగినప్పుడు, దినాం కింద పడే పని ఈయనది, ఆఖరికి లేసి కొట్టే పని రికిదోజాన్‌ది అయింది. ఎంత మంచిగుంటది చెప్పుండ్రి, దేశంల గొప్ప జూడో మనిషికి దినాం దెబ్బలు తినే ఏషం? పేపరోళ్ల ముంగట నోరు జారిండు, నిజం కొట్లాటయితె రికిదోజాన్ నా ముంగట నిలువడన్న అర్థం వచ్చేటట్టు.

1954 డిసెంబర్ 22న ఇద్దరికి జపాన్ చాంపియన్ ఆట పెట్టిండ్రు. ముందుగాల సమానం చేద్దామని ఒప్పుకున్నమని కిమురా తర్వాత జెప్పిండు. ఆట నడుమ రికిదోజాన్ ఒక్కసారి మారిండు. కిమురా కాలు తన మర్మం మీద తగిలిందని రికిదోజాన్ దిక్కోళ్లు జెప్తరు. ఏదయితేంది, ఆడికెల్లి ఆయన కొట్టినయి ఆటల దెబ్బలు కావు. మెడ మీద, మొకం మీద అరచేత్తో నరికిండు, పడ్డంక తన్నిండు. కిమురా మొకం నుంచి రక్తం గోదా బట్ట మీద కారింది. దేశమంత సూస్తుండంగ లేవలేకపోయిండు. పదహారు నిమిషాలు గూడ పట్టలే. ఆ దినం తర్వాత జపాన్ కుస్తీల ఒక్కడే రాజు.

నమ్మి వచ్చినోన్ని గట్ల కొట్టుడు నామోషీ. కింద నుంచి వచ్చినోడు పైకెక్కినంక ఇంకొకన్ని తొక్కుడు మనం దినాం సూస్తలేమా? రికిదోజాన్ శిష్యులను గూడ గట్లనే సూసుకున్నడు. కర్రతోని కొట్టుడు, మందిల పరువు తీసుడు. తాను సుమో మఠంల తిన్నదంత వాళ్లకు తిప్పి పెట్టిండు. పాలేరుగ బతికినోడు భూమి కొన్నంక జీతగాన్ని పెట్టుకొని దొర లెక్కనే తిట్టుడు నేను మా ఊర్లనే సూసిన. అర్థం చేసుకుంట గని మాఫ్ చెయ్య.

తర్వాత తొమ్మిదేండ్లు ఆయన రాజ్యం. 1957 అక్టోబర్ల ప్రపంచ చాంపియన్ లూ థెజ్ టోక్యో వస్తె, గంటసేపు కొట్లాడి సమానం చేసిండు. ఆ రోజు నడుస్తున్న టీవీలల్ల నూటికి 87 టీవీలు ఆ ఆట మీదనే ఉన్నయి. మరుసటేడు అమెరికా లాస్ ఏంజిలస్ల థెజ్‌నే ఓడగొట్టి ఇంటర్నేషనల్ పట్టా తెచ్చిండు. 1963 మేల ముసుగేసుకున్న డిస్ట్రాయర్ అనే అమెరికోడితోని ఆడితె 64 శాతం. క్రికెట్ ఫైనల్ గూడ అంత రాదు ఇప్పుడు.

శుక్రవారం రాత్రి 8 గంటలకు కుస్తీ అని అలవాటయింది. పైసలు పెట్టేది మిత్సుబిషి. నాకు మస్తు నచ్చిన ముచ్చటొకటి ఉన్నది. ఆటకు ఆటకు నడుమ రింగును ఊడ్వాలె గదా, అప్పుడు మిత్సుబిషి కంపెనీ వ్యాక్యూమ్ క్లీనర్ తెచ్చి రింగు మీద దుమ్ము గుంజేటోళ్లు. కెమెరా దాని మీదనే ఉండేది. రక్తం కారిన గోదాను ఊడ్సే మిషన్ సూసి ఆడోళ్లు, మొగోళ్లు అట్లాంటిది కొనుక్కోవాలనుకున్నరు. ప్రకటన అంటె గిట్లుండాలె మరి. 866తోని మొదలయిన టీవీ చందాలు 1962ల కోటి దాటినయి. అన్నీ రికిదోజాన్ వల్లనే అంటె అబద్ధమయితది, 1959ల యువరాజు పెండ్లి సూసుడు కోసం లక్షల మంది కొన్నరు. గని మొదటి గాలి రికిదోజాన్‌దే.

1962ల ఫ్రెడ్ బ్లాసీ అని ఒకడొచ్చిండు అమెరికా నుంచి. పండ్లు ఆకురాయితోని అరగదీసుకునేటోడు, కొరికేటోడు. నుదురు కొరికి రక్తం కారిపిస్తుంటె, టీవీల సూసిన ముసలోళ్లు కొందరు గుండాగి సచ్చిండ్రని పేపర్లు రాసినయి. ఇయ్యాల ఫోన్ల రక్తం సూసి మనం పక్కకు జరుపుతం. వాళ్లకు డబ్బాల కనవడ్డ రక్తం పక్కింట్ల కారినట్టే.

పైసలు మస్తొచ్చినయి. షిబుయాల రికి స్పోర్ట్స్ ప్యాలెస్ కట్టిండు, అపార్ట్‌మెంట్లు కట్టిండు, కార్లు కొన్నడు. కుస్తీ ధంధాల యాకూజా ముఠాలు మొదటికెల్లి ఉన్నయి, ఆట పెట్టాల్నంటె వాళ్ల చెయ్యి లేకుంట కాదు. ఆయనకు గూడ వాళ్లతోని దోస్తాన్ ఉండె, పేచీలు ఉండె. తాగుడెక్కువ, కోపమెక్కువ.

ఇగ పుట్టుక. దాసిపెట్టిందంటె దాసిపెట్టిండు. పత్రికలోళ్లల్ల తెలిసినోళ్లున్నరు, రాయలే. హీరోను పోగొట్టుకుంటె పేపరు అమ్ముడుపోది గదా. కొరియన్ల గల్లీలల్ల మటుకు గుసగుస నడిచేది. చెత్త ఏరుకునేటోళ్లు, ఇనుప సామాను అమ్ముకునేటోళ్లు, నాటు సారా కాసెటోళ్లు, వాళ్లు టీవీ ముంగట జపానోళ్ల పక్కన నిలవడి అందరితోని కలిసి సప్పట్లు కొట్టేటోళ్లు. వాళ్ల సప్పట్లకు అర్థం వేరే అని పక్కనోనికి తెల్వదు.

1958ల కొరియా నుంచి కిమ్ ఇల్ అనే పిలగాడు దొంగతనంగ సముద్రం దాటి జపాన్ వచ్చిండు, రికిదోజాన్ కాడ కుస్తీ నేర్చుకోవాల్నని. పోలీసులకు దొరికి జైల్ల పడ్డడు. రికిదోజాన్ పెద్దోళ్ల చేతులు కాళ్లు పట్టి ఇడిపిచ్చి శిష్యున్ని చేసుకున్నడు. ఆయనకు గూడ జపాన్ పేరే పెట్టిండు, ఓకి కింతారో. బ్రెజిల్‌కు వలస పోయి కాఫీ తోటల పని చేస్తున్న జపాన్ పిలగాన్ని 1960ల తోల్కచ్చిండు, ఆయన్నే ఆంటోనియో ఇనోకి. బేస్‌బాల్ ఇడిసిపెట్టిన పొడుగోడు జయంట్ బాబా ఇంకొకడు. ఇనోకి, బాబా 1960 సెప్టెంబర్ 30న ఒక్కదినమే గోదాల దిగిండ్రు. ఆ తర్వాత శాన ఏండ్లు జపాన్ కుస్తీ ఈ ముగ్గురి చేతులల్లనే నడిసింది.

1963 జనవరిల రికిదోజాన్ దక్షిణ కొరియా పోయిండు. అప్పటికింక రెండు దేశాలకు దౌత్య సంబంధాలే లేవు, 1965ల గని కుదరలే. సియోల్ల మస్తు మర్యాద చేసిండ్రు. జపాన్ల మటుకు ఎక్కువ సప్పుడు గాకుంట అయింది. ఆయన పుట్టిన ఊరు ఉత్తరాన, కంచెకు అవుతల. పోయే దారి లేదు. అక్కడ ఆయనకు ఒక బిడ్డ ఉన్నది. జపాన్ల ఎవ్వరికి చెప్పని బిడ్డ.

అదే ఏడు జూన్ల పెండ్లి చేసుకున్నడు. డిసెంబర్ 8 రాత్రి టోక్యో అకసాకాల న్యూ లాటిన్ క్వార్టర్ అనే నైట్‌క్లబ్‌కు పోయిండు. మూత్రశాల కాడ కాలు తొక్కినవంటె తొక్కలేదని ఒక యాకూజా ముఠా మనిషితోని లొల్లి. గంతే. కాలు తొక్కిన లొల్లి. వాడు కత్తి కడుపుల దింపిండు. మొదలు పెద్ద గాయం కాదనుకున్నరు, దావఖానల ఆపరేషన్ చేసిండ్రు. కడుపుల చీము వట్టింది. డిసెంబర్ 15న ఇంకోపారి ఆపరేషన్ చేసిండ్రు, ఆ రాత్రే పానం పోయింది. 39 ఏండ్లు. భార్య కడుపుతోని ఉన్నది. పొడిసినోనికి ఏడేండ్ల జైలు. అంత కొట్టి, అంత పడి, లూ థెజ్ తోని గంట నిలవడ్డ మనిషి మూత్రశాల కాడ పోయిండు.

టోక్యోల ఇకెగామి హొన్మొంజి గుడి కాడ ఆయన సమాధి ఉన్నది, చేతులు కట్టుకున్న అర్ధ విగ్రహం ఉన్నది. చనిపోయిన శాన ఏండ్లకు గని జపాన్ల మామూలు జనానికి ఆయన కొరియా పుట్టుక పూరా తెలువలే. ఉత్తర కొరియా మటుకు తమ వీరుడని పుస్తకాలేసింది, తెల్లోళ్లను కొట్టిన కొరియా బిడ్డ అని. ఒకప్పుడు జపాన్ వాడుకున్నట్టే వాళ్లూ వాడుకున్నరు. 1995 ఏప్రిల్ల ఇనోకి ప్యాంగ్యాంగ్ పోయి, మే డే స్టేడియంల పెద్ద కుస్తీ పెట్టిండు, అమెరికోడు రిక్ ఫ్లెయిర్‌తోని తానే కొట్లాడిండు. గురువు పుట్టిన దేశంల శిష్యుని ఆట. రికిదోజాన్ సచ్చి అప్పటికి 31 ఏండ్లు.

కిమ్ ఇల్ ముచ్చట ఒక్కటి మిగిలింది. గురువు పోయినప్పుడు ఆయన అమెరికాల కుస్తీలు పడుతున్నడు. తర్వాత దక్షిణ కొరియాకు వాపస్ వచ్చిండు. అప్పుడప్పుడే అక్కడ టీవీలు వస్తున్నయి, ఊరికొకటి, రెండూర్లకొకటి. టీవీ ఉన్న ఇంట్లకు సాయంత్రం ఊరంత వచ్చి కూసునేది, పిలగాండ్లు కిటికీలకు ఏలాడేటోళ్లు. కిమ్ ఇల్ తలకాయతోని జపాన్ పైల్వాన్ నుదురు మీద గుద్దితె ఇల్లు ఎగిరేది. జపాన్ల ఆయన్ని ఓకి కింతారో అనేటోళ్లు. ఈ ఊర్లల్ల మటుకు టీవీల గూడ, వాకిట్ల గూడ కిమ్ ఇల్ అనే పిలిసేటోళ్లు.